నాయన అడిగింది పద్మిని, నేను అడిగింది మారుతి

పోయిన ఆయుధ పూజ రోజు మా ఇంట్లో ఒక గొడవ మొదలైంది. స్కూటర్‌కి పూలదండ వేసి, గుమ్మడికాయ కొట్టాక నాయన అన్నాడు: "నా చేత్తో ఒక పాత కారు బాగుచేసి, దానికి ఇట్ల పూజ చేయాలని ఎన్నేండ్లనుంచో ఉంది." నేను వెంటనే "నేనూ వస్తా, ఇద్దరం చేద్దాం" అన్నాను. అవ్వ నవ్వేసింది. "మగపిల్లోడు ఉంటే అనుకోవచ్చులే" అంది. అమ్మ మాత్రం వంటింట్లోంచే కన్నడలో "కలీలి బిడి" అంది. నేర్చుకోనీ, వదిలేయండి అని. నాయనది తెలుగు, అమ్మది కన్నడ కాబట్టి మా ఇంట్లో ఏ గొడవైనా రెండు భాషల్లో నడుస్తుంది. ఇది మాత్రం నాలుగు నెలలు నడిచింది. ఏ కారు కొనాలనే దగ్గర నాకూ నాయనకూ కుదరలేదు.

ఆ నాలుగు నెలల్లో నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. తల్లో తండ్రో, బిడ్డా కలిసి ఒక పాత కారు బాగుచేయాలనుకుంటే, అందమైన కారు, పేరున్న కారు అని వెతకకూడదు. ఇద్దరూ కలిసి పూర్తి చేయగల కారు వెతకాలి. అందులో పిల్ల పని స్పానర్ అందించడం, టార్చి పట్టుకోవడం మాత్రమే కాకూడదు.

నాయనకు కావలసింది ప్రీమియర్ పద్మిని. దానికి కారణం ఉంది. ఆయన పన్నెండేళ్ళ వయసులో హోసూరులో ఒక కార్ల షెడ్డులో హెల్పర్‌గా ఉండేవాడు. అక్కడికి ఒక డాక్టరుగారి పద్మిని వచ్చేది. దాన్ని కడిగేది నాయనే. కానీ ఒక్కసారి కూడా లోపల కూర్చోనివ్వలేదట. ఇప్పుడు బొమ్మసంద్రలో లేత్ మిషన్ మీద పని చేస్తూ, యాభై ఏళ్ళకు, ఆ సీట్లో కూర్చోవాలని ఆశ. నాకది అర్థమైంది. అందుకే "వద్దు" అనడానికి నాకు అంత కాలం పట్టింది.

పద్మిని మంచి బండే. ఫియట్ 1100ని ఆధారం చేసుకుని బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు తయారు చేశారు. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కన గేరు. 2000 ప్రాంతంలో తయారీ ఆగిపోయింది. బొంబాయి రోడ్ల మీద నలుపు పసుపు టాక్సీలుగా మిగిలినవి కూడా 2023 అక్టోబరుతో వెళ్ళిపోయాయి. టాక్సీలు పోతే వాటికోసం సామాన్లు తెప్పించే అంగళ్ళూ తగ్గుతాయి. ఒక ఆదివారం నేనూ నాయనా హెబ్బగోడిలో మెట్రో ఎక్కి, ఆర్.వి. రోడ్‌లో మారి, మార్కెట్‌లో దిగి జె.సి. రోడ్డుకు నడిచాం. స్పేర్ పార్టుల అంగడిలో ఒక పెద్దాయన పద్మిని పేరు వినగానే ముఖం వెలిగించుకున్నాడు గానీ, "డోరు రబ్బరు, లైటు గ్లాసు ఇట్లాంటివి శివాజీనగర్ గుజరీలో వెతుక్కోవాలమ్మా, దొరికినప్పుడే దొరికినట్టు" అన్నాడు. అదే అంగట్లో మారుతి 800 సామాన్లు అడిగితే, లేచి నిలబడకుండానే చేయి చాపి మూడు డబ్బాలు తీశాడు.

అక్కడే నా వాదానికి బలం దొరికింది. 1983 డిసెంబరులో మొదటి మారుతి 800 తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా హర్‌పాల్ సింగ్ అనే ఆయనకు అందాయి. 2014 జనవరిలో తయారీ ఆగింది. ముప్పై ఏళ్ళ పాటు వచ్చిన బండి కాబట్టి ఇంకా సామాన్లున్నాయి, తెలిసిన మెకానిక్కులున్నారు. ఇంజను 796 సీసీ, మూడే సిలిండర్లు. పది, పన్నెండు, పద్నాలుగు నంబర్ స్పానర్లుంటే చాలా భాగం విప్పుకోవచ్చు. చిన్న ఇంజను కాబట్టి చైన్ బ్లాక్ కట్టి ఇద్దరమే కిందికి దించుకోవచ్చు. బరువులెత్తడానికి "ఒక అబ్బాయిని పిలవండి" అనే మాట రాదు.

800ల్లో కూడా చూసి ఎంచుకోవాలి. 1986కు ముందు వచ్చిన మొదటి మోడల్ చాలా అరుదు, సామాను కష్టం. తర్వాతి కాలంలో కంప్యూటర్‌తో పెట్రోలు పంపే ఇంజన్లు వచ్చాయి, వాటిలో కంటికి కనబడేది తక్కువ. మధ్యలో వచ్చిన కార్బురేటర్ బండ్లే నేర్చుకోవడానికి మంచివి. ఫ్లోటు, నీడిల్, జెట్టు విప్పి చూస్తే పెట్రోలు ఎట్లా వెళ్తుందో మనకే అర్థమవుతుంది.

ఏ కారైనా సరే, నాయన నేర్పినవి రెండు మాటలు రాస్తాను. ఒకటి, ఇంజను చప్పుడు వినే ముందు తుప్పు చూడాలి. కాళ్ళకింది మ్యాటు ఎత్తాలి, డోరు కింద అంచు, బ్యాటరీ కింద రేకు వేలితో నొక్కాలి. ఇంజను పనికి లెక్క ఉంటుంది, టింకరింగ్‌కు ఉండదు. రెండు, కాగితాలు. ఛాసిస్ నంబరు ఆర్.సి.తో కలవాలి. పదిహేనేళ్ళు దాటిన కారుకి ఐదేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించాలి. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్ళు దాటిన కారుకి ఆ ఫీజు 10 వేలు. హోసూరులో చవగ్గా దొరికిందని తమిళనాడు బండి తెస్తే ఎన్.ఓ.సి., ఇక్కడి టాక్సు కూడా లెక్క వేసుకోవాలి. "పాతది కదా, వింటేజ్ కింద చూపిద్దాం" అని కొందరు చెప్తారు. 2021 రూల్స్ ప్రకారం 50 ఏళ్ళు దాటితేనే వింటేజ్. మొట్టమొదటి మారుతి 800కి కూడా 2033లో గానీ ఆ వయసు రాదు.

ఇక డబ్బు మాట. నా పేరు మీద అమ్మ కట్టిన చీటీ 70 వేలు వచ్చింది. అది కమ్మలకనీ గాజులకనీ అనుకున్నది. అవ్వ కోపం ఇందుకే. ఆమె మాట తీసిపారేయలేను. బంగారం కష్టానికి కుదువ పెట్టుకోవచ్చు, పాత కారును ఎవరు కుదువ పెట్టుకుంటారు? ఫీజులకు ఇబ్బంది ఉన్న ఇంట్లో ఈ పని చేయమని నేను కూడా చెప్పను. అందుకే మేము ఒక హద్దు పెట్టుకున్నాం. 70 వేలలో కారుకు సగం, పనికి సగం. అప్పు చేయకూడదు. పద్మిని ఆ హద్దులోకి రాలేదు, 800 వచ్చింది.

డబ్బుకన్నా ముఖ్యమైన హద్దు కాలం. నాయనకు దొరికేది ఆదివారాలే, అదీ షిఫ్టు లేకపోతే. నాకు డిగ్రీ ఇంకో ఏడాదిన్నర. ఆ తర్వాత పీజీకో ఉద్యోగానికో నేను ఎక్కడుంటానో తెలియదు, పెళ్ళి మాటలు ఇప్పటికే వంటింట్లో వినబడుతున్నాయి. నేను ఊరు వదిలే నాటికి టార్పాలిన్ కింద సగం విప్పిన పద్మిని ఉంటే, నాయన దాన్ని ఒక్కడే చూస్తూ కూర్చోవాలి. ఈ మాటే చివరికి ఆయనకు చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సరే, 800 చూడు" అన్నాడు.

మన తెలుగువాళ్ళకు బాగా తెలిసిన పాత బండి చైతన్యరథం. పాత షెవర్లే వ్యాను మార్పించి 1982లో ఎన్టీఆర్ ఊరూరా తిరిగారు. నడిపింది కొడుకు హరికృష్ణ. తండ్రి, కొడుకు, బండి అనే కథ మనకు అలవాటే. తండ్రీ కూతురూ అంటే అవ్వలకు నవ్వొస్తుంది. కానీ 1888లో జర్మనీలో భర్త కట్టిన కారును తీసుకుని, ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని వంద కిలోమీటర్లకు పైగా వెళ్ళింది బెర్తా బెంజ్. దారిలో పెట్రోలు గొట్టం అడ్డుపడితే తన టోపీ పిన్నుతో శుభ్రం చేసింది. కార్ల చరిత్రలో మొదటి దూరప్రయాణమే ఒక తల్లి, పిల్లలు కలిసి చేసిన రిపేరు ప్రయాణం. ఈ సంగతి అవ్వకు చెప్తే "టోపీకి పిన్ను ఎందుకే?" అని అడిగింది. అంతవరకు మేలు.

సంక్రాంతి తర్వాత అత్తిబెలెలో ఒక 1994 తెల్ల మారుతి దొరికింది. ఎడమ డోరు కింద తుప్పుంది, మిగతా రేకు గట్టిది. ఇప్పుడు మా వసారాలో పాత పేపరు మీద దాని కార్బురేటర్ ఉంది. విప్పింది నేనే. మళ్ళీ బిగించాక ఒక స్క్రూ మిగిలింది, నాయన ఎక్కడిదో చెప్పడం లేదు, నన్నే వెతకమంటున్నాడు.

మీ ఇంట్లో నాన్నకో అమ్మకో చేతిపని ఏదైనా వచ్చి ఉంటే, అది కారే కానక్కర్లేదు, కుట్టు మిషనైనా సరే, ఈ డిగ్రీ అయ్యేలోపు అడిగి నేర్చుకోండి. మీ ఇద్దరి చేత అయ్యేదే ఎంచుకోండి. వచ్చే ఆయుధ పూజకు మా బండి మొదలైతే అందరినీ పిలుస్తాను. నాయనకు మాత్రం ఒక మాట ఇచ్చాను. నా మొదటి జీతంతో ఆయనను ఒక పద్మిని సీట్లో కూర్చోబెడతాను, అద్దెకు తెచ్చినదైనా సరే.