కారునకు మంచుదీపములు

పుష్యమాసము వచ్చినతోడనే పరవాడనుండి అనేక కుటుంబములు అనకాపల్లి, నర్సీపట్నముల మీదుగా లంబసింగికి కారులలో బయలుదేరుచుండును. తెల్లవారుజామున ఘాటురోడ్డుపై పొగమంచు దట్టముగా నుండును గనుక, బంపరులోని ఫాగ్ లైట్లకు హెచ్.ఐ.డి. కిట్టు వేయింపవలెనని ఇంటిలో ప్రస్తావన వచ్చుట సహజమే. కొనుటకు ముందు మనమును కొంత తెలిసికొనుట మేలు.

సాధారణమైన హేలొజెన్ బల్బునందు సన్నని తీగ కాగి వెలుగునిచ్చును. హెచ్.ఐ.డి. బల్బునందు తీగ లేదు. జెనాన్ వాయువు గల గాజుబుడ్డిలో విద్యుత్తు రెండు మొనల నడుమ దుమికి వెలుగును. దానిని రగిల్చుటకు బ్యాలస్టు అను పెట్టె క్షణకాలము సుమారు 20,000 వోల్టుల విద్యుత్తును పంపును. ఇట్టి 35 వాట్ల బల్బు 55 వాట్ల హేలొజెన్ కంటె రెట్టింపునకు మించి వెలుగును.

అయితే వెలుగు హెచ్చినంతమాత్రమున చూపు హెచ్చదు. ఫాగ్ లైటులోని ప్రతిఫలకము తీగబల్బునకు సరిపడ మలచినది. అందు హెచ్.ఐ.డి. అమర్చినచో కాంతి నేలపై పరవక పైకి చెదరి, మంచుబిందువులపై పడి, తెల్లని గోడవలె మన కన్నులకే మరలివచ్చును. ఎదుటివాని కన్నులకును చీకట్లు క్రమ్మును. లోయప్రక్క మలుపులో అట్టి రెండు క్షణములే ప్రాణాపాయకరములు.

కావున హెచ్.ఐ.డి. కొరకే చేసిన ప్రొజెక్టరు దీపమున్నచో మాత్రమే ఈ కిట్టు వేయింపుడు. లేనిచో పసుపుపచ్చని హేలొజెన్ చాలును. 35 వాట్లకు మించవలదు. నీలిచాయ గల 6000 కెల్విన్ కంటె పసుపుచాయ గల 3000 కెల్విన్ మంచులో కన్నులకు సుఖము. బిగించుటకు ముందు బ్యాటరీ తీగను విప్పింపుడు; బల్బు గాజును వ్రేళ్లతో తాకనీయకుడు; బ్యాలస్టును నీరు తగులని చోట బిగింపుడు; ఫ్యూజు, రిలే గల వేరు వైరింగు వేయింపుడు. పిదప కారును గోడ యెదుట నిలిపి, కాంతి దీపపుటెత్తును మించకుండునట్లు సరిచేయింపుడు.

మన వెలుగు పరులకు చీకటి కారాదు గదా!