కాల్‌కట్టు కథలు

పాతకాలపు ఇంగ్లండులో జరిగే ప్రేమ నవలలంటే మన ఇంట్లో చాలామందికి ఇష్టం. వాటిలో ఒక రకం కథ మళ్ళీ మళ్ళీ వస్తుంది. నేరస్థుల్ని పట్టే మొనగాడు ఒకడుంటాడు. పనిలో వాణ్ణి మించినవాడు లేడు. కానీ లోపల ఏదో తొలుస్తుంటుంది, రాత్రిళ్ళు నిద్ర ఉండదు. ఒక అమ్మాయి వస్తుంది, ప్రేమిస్తుంది, వాడు బాగుపడతాడు. చదవడానికి హాయిగానే ఉంటుంది. అయినా ఈ కథ గురించి మేము ఒక మాట చెప్పాలనుకుంటున్నాం. ఎందుకంటే మన ఇళ్ళలో సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు తిరిగేదీ ఇదే కథ, వేషమే వేరు.

లీసా క్లేపాస్ 2003లో రాసిన ‘వర్త్ ఎనీ ప్రైస్’ తీసుకోండి. కథానాయకుడు నిక్ జెంట్రీ బో స్ట్రీట్ రన్నర్. లండన్‌కి సరైన పోలీసు వ్యవస్థ లేని రోజుల్లో, 1749లో, హెన్రీ ఫీల్డింగ్ అనే మేజిస్ట్రేటు మొదలుపెట్టిన దళం అది. నవలలు రాసిన ఫీల్డింగ్ కూడా ఆయనే. 1829లో లండన్ పోలీసు వచ్చాక కూడా ఇంకో పదేళ్ళు నడిచింది. రన్నర్లకు జీతం కొంచెం, దొంగను పట్టిస్తే వచ్చే బహుమానం ఎక్కువ. డబ్బున్నవాళ్ళు సొంత పనులకు కూడా వాళ్ళను పెట్టుకునేవాళ్ళు. నిక్ చిన్నతనంలోనే ఖైదీల ఓడలో నరకం చూసినవాడు. పాతబడిన ఓడల్ని నదిలో నిలిపి జైళ్ళుగా వాడిన కాలం అది.

లాటీ అనే అమ్మాయిని కన్నవాళ్ళు డబ్బుకోసం ఒక ప్రభువుకు రాసిచ్చేస్తారు. ఆమె పారిపోతుంది. వెతికి తెమ్మని ఆ ప్రభువు నిక్‌కు డబ్బిస్తాడు. వెతికిపట్టిన నిక్ ఆమెను అప్పగించడు, తనను పెళ్ళి చేసుకోమంటాడు. ఆమె తన అవసరం తాను చూసుకుని ఒప్పుకుంటుంది. అక్కడిదాకా మాకు నచ్చింది. ఆ తర్వాత మాత్రం అతని గతమంతా, పీడకలలంతా, ఆమె ప్రేమతో నయం కావాల్సిన జబ్బు అయిపోతుంది. పుస్తకం మూసేలోపు నయం కూడా అవుతుంది.

దీని పక్కన డొరొతీ సేయర్స్ నవలలు పెట్టి చూడండి. ఆమె డిటెక్టివ్ లార్డ్ పీటర్ విమ్సీ మొదటి ప్రపంచయుద్ధం నుంచి మనసు చెదిరి వచ్చినవాడు. 1923లో వచ్చిన మొదటి నవలలోనే అతనికి రాత్రిపూట యుద్ధం మళ్ళీ కళ్ళముందుకొస్తుంది. 1930లో వచ్చిన ‘స్ట్రాంగ్ పాయిజన్’లో హారియట్ వేన్ అనే రచయిత్రి మీద విషం పెట్టి చంపిందన్న కేసు. పీటర్ ఆమెను ఉరి నుంచి తప్పిస్తాడు, పెళ్ళి చేసుకోమంటాడు. ఆమె వద్దంటుంది. ప్రాణం నిలబెట్టినవాడికి రుణపడి ఉండటం వేరు, కాపురం చేయడం వేరు అని ఆమెకు తెలుసు. ఒప్పుకోవడానికి 1935 నాటి ‘గాడీ నైట్’ దాకా పట్టింది. తన చదువును, తన పనిని, తనకు ఎదురయ్యే ప్రమాదాన్ని కూడా అతను గౌరవిస్తాడని చూసుకున్నాకే సరేనంది.

పెళ్ళయ్యాక అతను బాగుపడిపోయాడా? 1937లో వచ్చిన ‘బస్‌మన్స్ హనీమూన్’లో అతను పట్టించిన హంతకుడికి ఉరి పడుతుంది. ఆ మనిషి తరఫున వాదించడానికి మంచి లాయర్ని పెట్టించింది కూడా పీటరే. ఉరి తెల్లవారే దాకా అతనికి నిలకడ లేదు. హారియట్ వెంటపడదు, ఓదార్చబోదు. తనంతట తాను వచ్చేవరకు కాచుకుని ఉంటుంది. చివరికి వచ్చి ఆమె దగ్గర ఏడుస్తాడు. నవల అక్కడే ఆగిపోతుంది. గాయం మానిందని రచయిత్రి ఎక్కడా చెప్పదు.

ఇప్పుడు మన సంగతి. ‘పెళ్ళి చేస్తే వాడే దారికొస్తాడు’ అనేది మన పెద్దవాళ్ళ మాట. మనం ఉంటున్న ఈ తమిళనాట దీన్ని ‘కాల్‌కట్టు’ వేయడం అంటారు. చెప్పినమాట వినకుండా తిరిగే గొడ్డుకి కాలికి తాడు కట్టినట్టు అన్నమాట. ఆ తాడు నువ్వేనని వచ్చే పిల్లకి మాత్రం ఎవరూ చెప్పరు.

మనలాంటి ఇళ్ళలో ఈ బరువు ఇంకొంచెం ఎక్కువ. ఊళ్ళో మనవాళ్ళ ఇళ్ళు నాలుగే. మేనరికమైతే అబ్బాయి తాగుడో కోపమో పిల్లకి చిన్నప్పట్నుంచీ తెలుసు, అయినా వద్దంటే అమ్మకీ మేనమామకీ మాటలుండవు. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి పిల్లను తెచ్చుకుంటే వీధిలో మాట అర్థం కాదు, మనసులోది చెప్పుకోవడానికి పక్కన పుట్టింటివాళ్ళుండరు. అలాంటి పిల్లను వైద్యురాలిగా కూర్చోబెడుతున్నాం.

‘మన వంశంలోనే ఎంతమంది పెళ్ళయ్యాక మారలేదు?’ అని అడుగుతారు. మారినవాళ్ళున్నారు, కాదనం. కానీ మారేలోపు ఆ ఇల్లాళ్ళకి ఎన్నేళ్ళు పోయాయో ఎవరూ లెక్క రాయలేదు. మారనివాళ్ళ ఇళ్ళల్లో ఏం జరిగిందో అసలే చెప్పుకోం. ‘సర్దుకుపోయింది, మహాతల్లి’ అని ఒక్కమాటలో తేల్చేస్తాం.

ప్రేమకు బలం లేదని మేమనడం లేదు. ఏడవడానికి ఒక చోటు దొరకడం చిన్న విషయం కాదు. కానీ ముందు పీటర్ తన బరువు తాను మోశాడు. అయిదేళ్ళు ‘వద్దు’ అనిపించుకుని, ఆమె కాదన్న ప్రతిసారీ ఆ మాటకు విలువిచ్చాడు. మన అబ్బాయిల నుంచి కూడా అంతే అడుగుదాం. తాగుడుంటే మానిపించే డాక్టరు దగ్గరికి ముందు వెళ్ళాలి, తర్వాతే పెళ్ళిచూపులు. అప్పులుంటే పిల్ల తరఫువాళ్ళకి నోరు విప్పి చెప్పాలి. పిల్ల వద్దంటే ఆ మాట అక్కడితో ఆగాలి, మేనమామ అలిగినా సరే.

నవలలు చదవండి, హాయిగా చదవండి. లాటీ కథ మూడొందల పైచిలుకు పేజీల్లో ముగుస్తుంది. మన పిల్లలు కాపురం చేసేది నలభై, యాభై ఏళ్ళు.