ఇంటి వైద్యం: మూడోసారికి లేచే కంప్యూటరు

పోయిన నెల ఈ శీర్షికలో చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు పాదాలను ఎలా చూసుకోవాలో వ్రాశాము. ఈ నెల రక్తపోటు మాత్రల గురించి వ్రాస్తామని మాట కూడా ఇచ్చాము. ఆ మాట తప్పుతున్నాము, పాఠకులు మన్నించాలి. మా ఇంట్లోనే ఒక రోగి మంచం పట్టడంతో మూడు శని ఆదివారాలు దాని సేవలోనే గడిచిపోయాయి. రోగి మనిషి కాదు, మా డెస్క్‌టాప్ కంప్యూటరు. అయినా ఈ సంగతి ఆరోగ్య శీర్షికకు మరీ దూరమైనది కాదని చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

ముందు రోగి పూర్వాపరాలు. మేము 2014లో గుంటూరు నుంచి వచ్చి ఈ యార్క్‌షైర్‌లో దిగిన కొత్తలో, ఆసుపత్రి క్వార్టర్సు ఖాళీ చేసి స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక సీనియరు డాక్టరుగారి దగ్గర దాన్ని అరవై పౌన్లకు కొన్నాము. అప్పటికే దాని వయసు రెండేళ్ళు. ఇక్కడి పరీక్షలకు చదివింది దాని ముందు కూర్చునే. అద్దె ఇల్లు వెతుక్కున్నదీ దాని మీదే. తరువాత ల్యాప్‌టాపులు, ఫోనులు వచ్చాయి, ఇది వెనక గదిలోకి చేరింది. ఆ గదిలో హీటరు కట్టేసి ఉంచుతాము. ఎందుకో గ్యాసు బిల్లు కట్టేవాళ్ళెవరికీ చెప్పనక్కరలేదు.

రెండేళ్ళుగా చలికాలం వస్తే చాలు, అది మొరాయిస్తోంది. బటను నొక్కితే దీపం వెలుగుతుంది, ఫాను రెండు చుట్లు తిరుగుతుంది, ఆగిపోతుంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అంతే. మూడోసారికి లేచి కూర్చుంటుంది. లేచాక సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ ఉండదు. "ముసలిది కదా, చలికి ఒళ్ళు విరుచుకోవడానికి కాస్త టైము పడుతుంది" అని మావారు నవ్వేసేవారు, మేమూ నవ్వేవాళ్ళం. ఈ శీతాకాలం మూడోసారి కాస్తా ఏడోసారి అయింది. ఒక శనివారం పొద్దున ఎన్నిసార్లు నొక్కినా లేవలేదు.

పాత కంప్యూటరు పోతే పోయింది, దీనికింత రభస ఎందుకంటారా? 2019 వేసవిలో మా అమ్మగారు తెనాలి నుంచి వచ్చి అయిదు నెలలు మాతో ఉన్నారు. అప్పుడు మా అమ్మాయికి మూడేళ్ళు. మేము డ్యూటీలకు వెళ్ళిపోతే అమ్మమ్మా మనవరాలూ కథలతోనే పొద్దు పుచ్చేవారు. మావారు ఒక చిన్న మైకు తెచ్చి ఆ కంప్యూటరుకు తగిలిస్తే, అమ్మగారు వరసగా నలభై మూడు కథలు చెప్పారు. ఏడు చేపల కథ ఉంది, పేదరాశి పెద్దమ్మ ఉంది, మా ఊళ్ళో తప్ప మరెక్కడా మేము వినని నక్క కథలు నాలుగు ఉన్నాయి. మధ్య మధ్య కుక్కరు కూత, మూడేళ్ళ పిల్ల ఊ కొట్టడం కూడా వినిపిస్తాయి. అమ్మగారు 2022లో పోయారు. శనివారం పొద్దున ఒక కథ పెట్టుకుని వినడం మా అమ్మాయికి అలవాటు. ఆ కథలకు ఇంకెక్కడా కాపీ లేదు. రోగులకు జాగ్రత్తలు చెప్పి బతికే వాళ్ళం, మా ఇంటి సంగతి ఇది.

సంఘం మిత్రులను అడిగితే తలా ఒక మందు చెప్పారు. ఒకరు పారేసి కొత్తది కొనమన్నారు. ఇంకొకరు, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో ఉచిత మద్దతు ముగిసింది కనుక డిస్కు మొత్తం తుడిచేసి కొత్తగా వేరొకటి ఎక్కించేస్తే దెబ్బకు కుదురుతుందని, ఆదివారం వచ్చి తానే చేసి పెడతానని అన్నారు. ఆత్రంలో మేము సరేనన్నాము కూడా. మావారు వంతెనలు కట్టే ఇంజనీరు, కంప్యూటర్లలో మాకంటే ఎక్కువేమీ తెలియదు. కాని ఆయనే ఆపారు. "డాక్టరుగారూ, మీ ఆసుపత్రిలో హిస్టరీ తీసుకోకుండానే ఆపరేషను చేస్తారా?" అన్నారు. సిగ్గు వేసింది. మిత్రుణ్ణి రావద్దని చెప్పి, కాగితం కలం తీసుకుని కూర్చున్నాము.

ఆ మూడు వారాలలో చదివి, అడిగి తెలుసుకున్నది మీకూ పనికి వస్తుందని వ్రాస్తున్నాము. కంప్యూటరు లేవడంలో నాలుగు మెట్లు ఉంటాయి. మొదటిది విద్యుత్తు. పెట్టెలో ఉండే పవర్ సప్లయి గోడలోంచి వచ్చే 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా మార్చి, అవి నిలకడగా ఉన్నాయని తేలాక "సిద్ధం" అని ఒక సంకేతం పంపుతుంది. రెండవ మెట్టులో మదర్‌బోర్డు తనను తాను పరీక్షించుకుంటుంది: మెమరీ ఉందా, బొమ్మ చూపించే భాగం పని చేస్తోందా అని. మూడవది డిస్కును వెతికి పట్టుకోవడం. నాలుగవది డిస్కులోని విండోస్‌ను లేపడం. ఏ మెట్టు మీద ఆగిందో తెలిస్తే సగం రోగనిర్ణయం అయినట్లే.

దీపం లేదు, ఫాను లేదు అంటే మొదటి మెట్టు. గోడ స్విచ్చి, ప్లగ్గు లోపలి ఫ్యూజు, పెట్టె వెనక ఉండే చిన్న స్విచ్చి, కేబులు బిగువు ముందు చూడాలి. ఫాను తిరుగుతూనే ఉండి తెర మాత్రం నల్లగా ఉంటే రెండవ మెట్టు. ముందు తెర కేబులు చూడాలి. తరువాత ప్లగ్గు తీసేసి, పెట్టె లోహాన్ని ఒకసారి తాకి, మెమరీ పలకలను తీసి మళ్ళీ రెండు చివర్లా నొక్కి పెట్టాలి. చాలా యంత్రాలకు ఇదొక్కటే చాలుతుంది. కూతలు వినిపిస్తే లెక్కపెట్టుకోండి, ఎన్ని కూతలకు ఏ జబ్బో తయారీదారు పుస్తకంలో ఉంటుంది. డిస్కు కనబడటం లేదని తెర మీద వస్తే మూడవ మెట్టు. అప్పుడు తేదీ కూడా చూడండి. తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అయిపోయి ఉంటుంది. సాధారణంగా అది సీఆర్ 2032 అనే మూడు వోల్టుల బిళ్ళ, సూపర్ మార్కెట్లో దొరుకుతుంది. దాంతోపాటు సెట్టింగులు చెరిగిపోవడం వల్ల కూడా డిస్కు కనబడకపోవచ్చు. విండోస్ బొమ్మ వచ్చి అక్కడే తిరుగుతూ ఉంటే నాలుగవ మెట్టు. మా మిత్రుడు చెప్పిన మందు ఆ మెట్టుకు సంబంధించినది. మా రోగి అసలు మొదటి మెట్టే ఎక్కడం లేదు. కాలు విరిగినవాడికి కళ్ళద్దాలు మార్చినట్టు అయ్యేది, పైగా కథలన్నీ చెరిగిపోయేవి.

హిస్టరీలో ఇంకొక ఆధారం దొరికింది. ఎండాకాలంలో ఏనాడూ మొరాయించలేదు, చలిగదిలోనే ఈ బాధ. పవర్ సప్లయిలో ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్లు అనే చిన్న డబ్బాలు ఉంటాయి. వాటిలో ద్రవం ఉంటుంది. ఏళ్ళ తరబడి వేడికి ఆ ద్రవం ఆరుతూ వస్తుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. చలిలో అది మరీ పెరుగుతుంది. అందుకే మొదటిసారి వోల్టులు నిలవక యంత్రం ఆగిపోతుంది, రెండు మూడు ప్రయత్నాలకు కాస్త వెచ్చబడి లేస్తుంది. అంటే మూడోసారికి లేవడం జబ్బు తగ్గడం కాదు, అదే జబ్బు లక్షణం.

కంప్యూటరును వెచ్చని హాల్లోకి తెచ్చి, చలి యంత్రం మీద చెమ్మ పడుతుంది కనుక వెంటనే నొక్కకుండా ఒక రాత్రి అలాగే ఉంచాము. ఆదివారం పొద్దున రెండోసారికి లేచింది. కాఫీ కూడా తాగకుండా ముందు కథలు, తరువాత ఫోటోలు బయటి డిస్కులోకి కాపీ చేశాము. అవి పూర్తయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మా అమ్మాయి కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుని, పేర్లు ఒక్కొక్కటే చదువుతూ నలభై మూడూ లెక్కపెట్టింది. మరుసటి వారం ఊళ్ళో రిపేరు షాపులో కొత్త పవర్ సప్లయి వేయించాము. దాని డబ్బా మాత్రం మీరు ఎవరూ విప్పవద్దు, ప్లగ్గు తీసినా లోపల ప్రమాదకరమైన విద్యుత్తు నిలవ ఉంటుంది. ఇప్పుడు ఒక్క నొక్కుకే లేస్తోంది. అయినా పదమూడేళ్ళ డిస్కును ఇక నమ్మము.

ఆ ఆదివారం రాత్రి మాకు వేరొక సంగతి గుర్తుకు వచ్చి నిద్ర పట్టలేదు. 2022లో ఒకనాడు ఫోనులో అమ్మగారు, డాబా మెట్లు ఎక్కితే ఛాతీలో బరువుగా ఉంటోందని, కూర్చుంటే తగ్గిపోతోందని అన్నారు. వెంటనే డాక్టరుకు చూపించుకోమన్నాము. రెండు రోజుల తరువాత అడిగితే, "తగ్గిపోయిందిలే తల్లీ" అన్నారు. అదే మాట ఆసుపత్రిలో ఒక రోగి అంటే మేము వదిలిపెట్టేవాళ్ళం కాదు. కూర్చుంటే తగ్గడమే గుండె జబ్బు లక్షణమని విద్యార్థులకు మేమే చెబుతాము. నైట్ డ్యూటీలలో పడి, తగ్గింది కదా అనుకున్నాము. మూడు వారాలు గడిచాయి. ఆ తరువాతి కబురు తమ్ముడు చేశాడు.

దీన్ని ఎవరి జాలి కోసమో వ్రాయడం లేదు. మనలో చాలామంది అమ్మానాన్నలు అంత దూరాన ఉన్నారు. వాళ్ళు మనల్ని కంగారు పెట్టకూడదని తగ్గిపోయిందనే చెబుతారు. శ్రమ పడితే వచ్చి, విశ్రాంతితో పోయే ఛాతీ బరువు గాని, ఆయాసం గాని, ఎడమ చేతి లాగుడు గాని ఉందని ఒక్కసారి విన్నా, తగ్గిందా అని అడగకండి. ఎవరితో వెళ్ళారు, డాక్టరు ఏమన్నారు, ఈసీజీ తీశారా అని అడగండి. విశ్రాంతిలో కూడా తగ్గకపోతే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకు వెళ్ళమనండి.

ఇక కంప్యూటరు విషయం. అది ఎన్నడూ లేవకపోయినా నిరాశ పడవద్దు. డిస్కు వేరే భాగం, దాన్ని తీసి ఇంకో కంప్యూటరుకు తగిలించి చదవవచ్చు. డిస్కుకు తాళం వేసి ఉంటే దాని తాళంచెవి అంకెలు ముందే వ్రాసి పెట్టుకోవాలి. డిస్కులోంచే టిక్కుటిక్కుమని చప్పుడు వస్తుంటే మాత్రం మళ్ళీ మళ్ళీ నొక్కకండి, ఆపేసి తెలిసినవాళ్ళకు చూపించండి. అన్నిటికంటే ముఖ్యం, పోతే మళ్ళీ రానివి మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి మీ ఇంటి బయట ఉండాలి. అమ్మగారి కథలు ఇప్పుడు మా బయటి డిస్కులో ఒకటి, ల్యాప్‌టాపులో ఒకటి, తెనాలిలో తమ్ముడి ఇంట్లో ఒకటి ఉన్నాయి. తమ్ముడి పిల్లలు వాటిని వినడం ఇదే మొదటిసారి. నక్క కథకు వాళ్ళూ ఊ కొడుతున్నారట.

మీ ఇళ్ళలో పాత క్యాసెట్లు, ఫోనుల్లో ఉండిపోయిన గొంతులు ఉంటే ఈ నెలలోనే కాపీ తీయించండి. రక్తపోటు మాత్రల సంగతి వచ్చే నెల తప్పకుండా వ్రాస్తాము. అంతవరకు, తగ్గిపోయింది కదా అని మాత్రలు మాత్రం మానకండి.