హెచ్ఈసీ అంటే అంత చిన్నచూపా?

టెన్త్ ఫలితాలొచ్చాయంటే మా భీమ్‌గల్‌లో అందరిదీ ఒకటే ప్రశ్న: ఎంపీసీనా, బైపీసీనా? మా అమ్మాయి హెచ్ఈసీ అన్నది. "మార్కులు మంచిగనే వచ్చినయి గద వదినా, గా గ్రూపెందుకు?" అని మా ఆడబిడ్డ ఒకటే బాధ.

మార్కులు రానివాళ్లే చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్ చదవాలని ఎవరు రాసిపెట్టారో! బీటెక్ పూర్తిచేసిన పిల్లలే హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకుని, కోచింగ్‌కు డబ్బు కట్టి, శాతవాహనుల దగ్గర్నుంచి మొదలుపెడుతున్నారు. గ్రూప్-2లో 600 మార్కులు. జనరల్ స్టడీస్ 150 తీసేస్తే మిగతాదంతా చరిత్ర, రాజ్యాంగం, సమాజం, ఆర్థికం, తెలంగాణ ఉద్యమమే.

ఉద్యోగం సంగతి అటుంచండి. పసుపు పండించే ఊళ్లు మావి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు గిట్టుబాటు ధర కోసం పోటాపోటీగా నామినేషన్లు వేశారు. నిజామాబాద్‌లో 185 మంది అభ్యర్థులు! బూత్‌కు 12 ఓటింగ్ యంత్రాలు పెట్టాల్సి వచ్చింది. అంతకన్నా సివిక్స్ పాఠం ఏముంటుంది? పసుపు బోర్డు 2025 జనవరిలో మొదలైంది. ఇక ధర పడితే ఎందుకు పడిందో, ఎవర్ని నిలదీయాలో చదువుకున్న పిల్ల ఇంటికొకరుంటే చేదా?