చింతపండునకు శిక్ష, చక్కెరకు మన్నింపు

మన పేటలలో కీళ్లనొప్పి ఎరుగని ఇల్లు అరుదు. అశోక్ చౌకు మొదలు కుంభారి వద్దనున్న బీడీ కార్మికుల ఇండ్ల వరకు ఏ గడప త్రొక్కినను, మోకాలు పట్టుకొని లేచు తల్లియో, పిడికిలి బిగింపలేని తండ్రియో కనబడకపోరు. నొప్పి వచ్చిన దినమున ఇంటిలో మొట్టమొదట జరుగునది తిండిని గూర్చిన విచారణ. పులుపు మానుమందురు. వంకాయ వాతమందురు. ఆలుగడ్డ ముట్టవద్దందురు. పప్పు సైతము వాతమే చేయునందురు. చింతపండు డబ్బా అటక యెక్కును. ఇంత తీర్పు చెప్పిన పెద్దమ్మయే, చెప్పుట ముగిసిన వెంటనే, చక్కెర దండిగా వేసి మరగించిన చాయ గ్లాసును రోగి చేతికందించును. నిర్దోషికి శిక్ష విధించి అనుమానితుని గౌరవించు ఈ న్యాయమును గూర్చియే నాలుగు మాటలు వ్రాయదలచితిని.

మొదట మాటను గూర్చి. మన పెద్దల నోట ‘వాతము’ అను నొక్క మాట పది రోగములకు గొడుగు పట్టుచున్నది. ఇది మన ప్రాచీన వైద్యము చేసిన పొరపాటు కాదు. ఆ గ్రంథములు సంధివాతమును, ఆమవాతమును, వాతరక్తమును వేరువేరుగా విభజించియే చెప్పినవి. నేటి వైద్యులును అట్లే విడదీయుదురు. మోకాటి మెత్తనియెముక అరుగుట ఒకటి. శరీరపు రక్షణశక్తి తన కీళ్లపైననే తిరుగబడుట వేరొకటి. దానినే రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అందురు. యూరిక్ ఆమ్లము స్ఫటికములై కాలి బొటనవ్రేలి కీలులో చేరి రాత్రికి రాత్రి అగ్గివలె మండించునది గౌటు. జ్వరము తగ్గినను నెలల తరబడి విడువని చికున్‌గున్యా నొప్పులు ఇంకొకటి. ఆ జ్వరము 1973లోనే మన జిల్లాలోని బార్శీ పట్టణమును పట్టి పీడించినది. పుణె నుండి మన ఊరికి వచ్చు దారిలోనున్న భిగ్వణ్ గ్రామమున 1996లో డాక్టరు అరవింద్ చోప్రా ప్రభృతులు ఇంటింట విచారింపగా, పెద్దవారిలో నూటికి సుమారు 18 మందికి కండరముల, కీళ్ల బాధలు కలవని తేలినది. పెద్దవారందరిలో రుమటాయిడ్ రోగులు మాత్రము నూటికి ఒక్కరికన్న తక్కువే. కాబట్టి చక్కెర మానినంతనే సకల నొప్పులును మాయమగునని చెప్పువానిని నమ్మకుడు. నేనును అట్లు చెప్పబోను.

ఇక ముద్దాయిలను పరిశీలింతము. చింతపండు కీళ్లను చెరుచునని చూపు నమ్మదగిన నిదర్శనము లేదు. వంకాయకును, ఆలుగడ్డకును అంతే. ఫలానా కూర తిన్న మరునాడు తనకు నొప్పి హెచ్చునని ఎవరికైన గట్టిగా తోచినచో, మూడు వారములు మాని, మరల తిని చూచుకొనవచ్చును. ఇల్లంతయు మానవలసిన పని లేదు. పప్పు సంగతి మరింత విచారకరము. గౌటు రోగికి మాంసము, అందును కాలేయము మొదలగునవి, కొన్ని చేపలు, మద్యము హానిచేయునన్నది నిజము. కాని అమెరికాలో 47 వేలమంది పురుషులను 12 ఏండ్లు గమనించి 2004లో ప్రకటించిన పరిశోధనలో, కూరగాయలును, పప్పుదినుసులును ఆ రోగమును హెచ్చింపలేదని తేలినది. పప్పు మాన్పింపబడిన ముసలితల్లికి కండ తగ్గును. తొడకండ తగ్గినకొలది మోకాటిపై భారము పెరుగును. నొప్పికి మందని చేసినది నొప్పికే ఎరువగును.

చక్కెర మాట వేరు. మనము తిన్న చక్కెర ప్రేగులలో గ్లూకోజు, ఫ్రక్టోజు అను రెండు సమభాగములుగా విడిపోవును. ఈ రెండవదానిని కాలేయము తొందరతొందరగా మార్చుకొనునపుడు కణములలోని శక్తిపదార్థము ఖర్చయి, దాని తునుకలు తుదకు యూరిక్ ఆమ్లముగా మారును. 2008లో ప్రకటితమైన యొక పరిశీలనలో, నెలకొక్క తీపి పానీయమైనను త్రాగని పురుషులతో పోల్చగా, దినమునకు రెండు గాని అంతకన్న హెచ్చు గాని త్రాగువారికి గౌటు వచ్చు అవకాశము నూటికి 85 వంతులు అధికముగా కనబడినది. చక్కెర లేని పానీయములకు అట్టి సంబంధము కనబడలేదు. 2014లో స్త్రీలను గూర్చి ప్రకటించిన మరియొక పరిశీలనలో, దినమునకొక తీపి పానీయమైన త్రాగువారికి రుమటాయిడ్ రోగములో సీరోపాజిటివ్ అను రకము నూటికి 63 వంతులు అధికముగా కనబడినది. ఇవి సంబంధమును చూపునవే గాని నేరమును రుజువు చేయునవి కావని ఒప్పుకొనవలెను. అవి సీసాలలోని పానీయములను గూర్చినవి, మన చాయను గూర్చినవి కావనియు ఒప్పుకొనవలెను. కాని సీసాలోని చక్కెరకును గ్లాసులోని చక్కెరకును కాలేయము కులభేదము పాటింపదు.

ఇందులో మనవారికి క్రొత్త యేమియు లేదు. చరకసంహిత వాతశోణితమను పేర వర్ణించిన రోగము గౌటునకు మిక్కిలి దగ్గర. అది తీపిపదార్థములు సుఖముగా భుజించుచు, నడకయన్నది లేక కాలము గడపు సుకుమారులకు తరచుగా వచ్చునని ఆ గ్రంథము చెప్పుచున్నది. మన మగ్గపువారు సుకుమారులు కారు. కాని పది గంటలు ఒకే చోట నిలుచువాడును, పది గంటలు ఒకే పీటపై కూర్చుండి తునికాకు చుట్టు స్త్రీయు ‘నడక లేనివారు’ అన్న లెక్కలోనికే వత్తురేమో యని నాకు తోచుచున్నది.

మోకాళ్లకు చక్కెర చేయు కీడు ప్రధానముగా బరువు మూలముననే. దేహభారము ఒక కిలో తగ్గినచో, వేయు ప్రతి అడుగునందును మోకాటిపై పడు ఒత్తిడి సుమారు నాలుగు కిలోలు తగ్గునని 2005లో కొలిచి చూపిరి. మరల అమెరికాలోనే 454 మంది మోకాటి రోగులతో 18 నెలలు సాగి 2013లో ఫలితములు వెలువడిన ప్రయత్నములో, ఆహారనియమమును, వ్యాయామమును రెంటిని పాటించినవారు దేహభారములో సుమారు పదవ వంతు తగ్గిరి. వారికి నొప్పియు తగ్గినది. రక్తములో వాపును సూచించు పదార్థమును తగ్గినది.

అన్నిటికన్న మన వృత్తికి ముప్పు తెచ్చునది మధుమేహపు చేయి. దీనిని గూర్చి మన పేటలలో తెలిసినవారు తక్కువ. రక్తములో చక్కెర ఏండ్ల తరబడి హెచ్చుగా నున్నచో అది కీళ్ల చుట్టునున్న కొల్లాజెను అను పీచునకు అంటుకొని దానిని బిరుసెక్కించును. పడుగునకు గంజి పెట్టినచో పోగు బిరుసెక్కుట మనకు తెలియును. కాని ఆ గంజిని ఉతికి తీయవచ్చును, ఈ గంజిని తీయుట దుర్లభము. భుజము పట్టుకొని చేయి పైకెత్తలేకపోవుట, ముడిచిన వ్రేలు తిరిగి తెరచుకొనక టక్కుమని విడివడుట, రాత్రులందు అరచేయి తిమ్మిరెక్కుట, ఇవన్నియు మధుమేహులలో ఇతరులకన్న ఎక్కువ. తెగిన పోగును క్షణములో ముడివేయవలసిన వ్రేలికి, ఆకును కత్తిరించి చుట్టి దారము కట్టవలసిన వ్రేలికి ఇంతకన్న ఆపద యేమున్నది? ఒక చిన్న పరీక్ష కలదు. నమస్కారము చేయునట్లు రెండు అరచేతులను గట్టిగా జోడింపుడు. అరచేతులు, వ్రేళ్లు సందు లేకుండ కలిసినచో మంచిదే. వ్రేళ్ల నడుమ వెలుతురు కనబడినచో చింతపండును నిందింపక, రక్తమున చక్కెర ఎంత యున్నదో చూపించుకొనుడు. మార్కండేయస్వామి గుడిలో నిలిచి చేయు నమస్కారముననే ఈ పరీక్ష ముగియును, ఖర్చు లేదు.

ఈ పరీక్షకు వెనుకాడి మనవారు చేయు పని మరింత ప్రమాదకరము. కూలి పోవునన్న భయముతో దుకాణమున నొప్పిబిళ్ళలు కొని, చీటీ లేకయే నెలల కొలది మ్రింగుదురు. మధుమేహమున్నవానికి ఆ బిళ్ళలు మూత్రపిండములను మరింత త్వరగా చెరుపగలవు. ఉదయము ఒక గంటకు పైగా కీళ్లు బిగిసియుండినను, కీలు ఎర్రబారి వాచినను, అది ఇంటివైద్యమునకు లొంగునది కాదు. అట్టివారు బీడీ త్రాగుట మానుట కూడ అవసరము. పొగ రుమటాయిడ్ రోగమునకు తెలిసిన హేతువు. చుట్టుట బ్రతుకుతెరువే గాని కాల్చుట కాదు గదా.

చక్కెర మన ఇండ్లలో ఇంత పెత్తనము ఎట్లు సంపాదించినది? మనది చెరకు పండు జిల్లా, చక్కెర కర్మాగారముల జిల్లా. మనలో ననేకులు సాఖర్‌పేఠలో పుట్టి పెరిగినవారే. కాని అసలు కారణము వేరు. ఆకలి చల్లార్చి మరి రెండు గంటలు మగ్గము వద్ద నిలువబెట్టుటకు చాయకన్న చౌకయైనది వేరొకటి లేదు. కార్ఖానాలో ఉదయము ఒకటి, పదింటికి ఒకటి, సాయంకాలము రెండు, చుట్టము వచ్చినచో ఇంకొకటి. ఆ కష్టము తెలిసియు ‘చాయ మానుడు’ అని ఉపదేశించుట క్రౌర్యము. నేను కోరునది అది కాదు. మన వద్ద చాయను చక్కెర కలిపియే మరగింతురు. కావున తాను ఎంత తినుచున్నాడో త్రాగువానికి తెలియదు. చక్కెర లేక మరగించి, డబ్బాను ప్రక్కన నుంచి, ఎవరికి కావలసినంత వారు చెంచాతో వేసికొనునట్లు చేయవలెను. ఈ పని ఇంట ఇల్లాలును, కార్ఖానాలో యజమానియు రేపటి నుండియే చేయగలరు. కార్ఖానాదారులు ఒక కుండ చల్లని నీరు కూడ ఉంచినచో, దాహమునకై త్రాగు చాయ కొంత తగ్గును.

బెల్లము మేలని వాదించువారున్నారు. అందులో రవంత ఇనుము ఉండవచ్చును గాని, అధికభాగము చక్కెరయే. తేనెయు అంతే. పండుగనాటి పోలెలను, బతుకమ్మనాటి మలీదను నేను విచారణకు పిలువను. ఏడాదికి కొన్ని మారులు వచ్చు తీపి రోగమును తేదు, ప్రతిదినము లెక్క లేక వచ్చునదియే తెచ్చును. ఇక మంగళవేఢె జొన్నరొట్టె, శేంగల పొడి, పప్పు, ఆకుకూర, చింతపండు పులుసు గల పళ్లెము మన ఇంట నుండగా, కీళ్లకని ప్రత్యేకాహారమును బజారులో వెదకనక్కరలేదు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో చెప్పిన కొలత ప్రకారము, పెద్దవారికి దినమునకు కలుపుకొను చక్కెర 50 గ్రాములు దాటరాదు. 25 గ్రాములలోపల నున్నచో మరింత మేలు. బిస్కట్లు, మిఠాయిలు, సీసా పానీయములు, బెల్లము అన్నియు ఇందులోనివే. ఒక్క చిన్న సీసాలోనే సుమారు 30 గ్రాములుండును. ఇంటి లెక్క తేలిక. ఐదుగురున్న ఇంట నెలకు 6 కిలోల చక్కెర కొన్నచో తలకు దినమునకు 40 గ్రాములు, బయట తిన్నది కాక. మూడుముప్పావు కిలోలతో సరిపెట్టుకొన్నచో 25 గ్రాములు. ఈ నెల కిరాణా చీటీ తీసి మీ ఇంటి లెక్క ఎంతయో చూడుడు.