కప్పు ఒకటి, ఎక్స్‌రే ఒకటి

పొద్దున అయిదింటికి గన్‌ఫౌండ్రీ ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలియదు. హారన్ మోత లేని అబిడ్స్‌ని అసలు ఊహించుకోలేరు. ఆ టైమ్‌లో చాపెల్ రోడ్డు మీద మేం ఇద్దరమే ఉండేవాళ్లం. నేను సైకిల్ మీద, మా బ్రూనో పక్కన. వాడిది నడకా కాదు, పరుగూ కాదు. రెండింటికీ మధ్యలో ఒక గతి ఉంటుంది, ట్రాట్ అంటారు. అది కుదిరితే కుక్క వీపు కదలదు, కాళ్లు మాత్రమే కదులుతాయి. నెత్తి మీద నిండు బిందె పెట్టుకుని నడిచే అమ్మమ్మలా అన్నమాట.

మూల మీద చాయ్ బండి చాచాది రోజూ ఒకటే డౌటు. "ఏం బేటా, పోలీసోళ్ల కుక్కనా?"

"కాదు చాచా, పోటీకి తయారు చేస్తున్నా."

"రేసా?"

"రేస్ కాదు. అందాల పోటీ లాంటిది."

"కుక్కలకి అందాల పోటీయా? మనకే దిక్కు లేదు!" అని నవ్వి, వాడికో ఉస్మానియా బిస్కెట్ విసరబోయేవాడు. నేను అడ్డం పడేవాణ్ణి. డైట్‌లో ఉన్నాడు మరి.

అందాల పోటీ అని నేనే చెప్పాను కానీ, అది నిజం కాదు. రింగులో పది లాబ్రడార్లు నిలబడితే వాటిలో ఏది ముద్దుగా ఉందని జడ్జి చూడడు. ఆయన బుర్రలో కాగితం మీద రాసిపెట్టిన ఒక కుక్క ఉంటుంది. దాన్ని బ్రీడ్ స్టాండర్డ్ అంటారు. మగ లాబ్రడార్ అయితే భుజం దగ్గర 56 నుంచి 57 సెంటీమీటర్ల ఎత్తు. పొట్టిగా, దట్టంగా, నీళ్లు లోపలికి దిగనివ్వని రెండు పొరల బొచ్చు. పై పళ్లు కింది పళ్ల మీద కత్తెరలా కూర్చోవాలి. తోక మొదట్లో లావుగా ఉండి చివరికి సన్నబడాలి. దాన్ని 'ఆటర్ టెయిల్' అంటారు. ఆటర్ అంటే మన తెలుగులో నీటికుక్కే కదా, కుక్కకి నీటికుక్క తోక ఉండాలని రూలు పెట్టిన మనిషికి దండం పెట్టాలనిపించింది. ఈ సంగతులన్నీ నాకు ఫోన్‌లో దొరకలేదు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో అట్ట ఊడిపోయిన ఒక కుక్కల పుస్తకం దొరికింది. అందులో లాబ్రడార్ పేజీ నాకు నోటికొచ్చేసింది. ఇంటర్‌లో ఫిజిక్స్ ఇంత శ్రద్ధగా చదివి ఉంటే ఈ కాలమ్ రాసే అవసరం ఉండేది కాదు.

ఆ పుస్తకంలోనే ఇంకోటి చదివి నాలో నేనే నవ్వుకున్నా. లోకంలో మొదటి పద్ధతి ప్రకారం డాగ్ షో 1859 జూన్‌లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో జరిగింది. వచ్చినవి పాయింటర్లు, సెట్టర్లు మాత్రమే, అంటే వేట కుక్కలు. గెలిచినవాళ్లకి ఇచ్చిన బహుమతి తుపాకీ. ఇక్కడ నేనుండేది 18వ శతాబ్దం చివర్లో ఫ్రెంచివాడు రేమండ్ నిజాం కోసం ఫిరంగులు పోత పోయించిన చోటు. పాతబస్తీ వాళ్లు దీన్ని ఇప్పటికీ 'తోప్ కా సాంచా' అంటారు. తుపాకీ బహుమతి గెలవడానికి ఇంతకంటే సరైన అడ్రస్ ఏముంటుంది చెప్పండి! మన దేశానికి ఈ సరదా తెల్లదొరల వెంటే వచ్చింది. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా 1896లో పుట్టింది, ఆఫీసు ఇప్పుడు చెన్నైలో. ఒక్కో ఊళ్లో షో పెట్టేది దాని కింద ఉండే లోకల్ క్లబ్బులు.

తయారీ అంటే షాంపూ, రిబ్బన్ అనుకునేవాళ్లకి చిన్న మాట. లాబ్రడార్‌కి షో ముందు రోజు స్నానం చేయించకూడదు. బొచ్చులో సహజంగా ఉండే నూనె పోయి దూదిలా అయిపోతుంది. రెండు మూడు రోజుల ముందే అయిపోవాలి. గోళ్లు వారం వారం కొంచెం కొంచెం తీయాలి, ఒకేసారి తీస్తే రక్తం వస్తుంది. ఇవన్నీ సులువే. కష్టమైంది నిలబడటం. నాలుగు కాళ్లూ సరిగ్గా పెట్టి, మెడ ఎత్తి, రెండు నిమిషాలు కదలకుండా ఉండాలి. దీన్ని స్టాకింగ్ అంటారు. ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి పెదవి పైకెత్తి పళ్లు చూసినా, వెన్ను మీద చెయ్యి వేసి నొక్కినా, మగకుక్క అయితే వృషణాలు రెండూ కిందికి దిగాయో లేదో తడిమినా మూతి ముడవకూడదు. మనల్ని ఎవరైనా అలా తడిమితే ఊరుకుంటామా?

దానికి నేను వాడుకున్న స్కూలు అబిడ్స్ ఆదివారం బజారే. జనం, పిల్లలు, బండ్లు, మైకులు. పుస్తకాల గుట్టల మధ్య వాణ్ణి స్టాక్‌లో నిలబెట్టేవాణ్ణి. కాసేపటికి చుట్టూ జనం. "భాయ్, కొంచెం నోరు తెరిచి పళ్లు చూడండి" అని కనబడ్డవాళ్లనల్లా అడిగేవాణ్ణి. ఒకాయన నిజంగా కళ్లజోడు సవరించుకుని దంతాల డాక్టర్‌లా చూసి, "ఒక పన్ను పసుపు పచ్చగా ఉంది బాబూ" అన్నాడు. జనవరిలో నాంపల్లి నుమాయిష్ గేటు బయట కూడా నిలబెట్టా. అక్కడ బెదరని కుక్క ఎక్కడా బెదరదు.

మొదటి షోకి బ్రూనో వయసు ఏడు నెలలు. గేటు దగ్గర చిప్ రీడర్‌తో మైక్రోచిప్ చదివారు, నా ఎడమ చేతికి నంబర్ కట్టారు. నాకు ఇదంతా నేర్పిన హ్యాండ్లర్ భాయ్, నాంపల్లి మనిషి, ఇరవై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల కుక్కల్ని రింగులో తిప్పుతున్నాడు. "నువ్వు వణికితే పట్టా వణుకుతది, పట్టా వణికితే కుక్క వణుకుతది" అన్నాడు. నేను వణికాను. వాడు మాత్రం వణకలేదు, ఎందుకంటే నా జేబులో ఉడికించిన లివర్ ముక్కలున్నాయి. పప్పీ క్లాసులో రెండో స్థానం వచ్చింది. అరచేతిలో పట్టేంత కప్పు. అమ్మ దాన్ని దేవుడి గదిలో పెట్టింది. ఆ రాత్రి అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో వచ్చినన్ని చప్పట్లు నా డిగ్రీ రిజల్ట్‌కి కూడా రాలేదు.

ఇక పెద్ద క్లాసుల్లో దింపాలి. అక్కడ మంచి మగకుక్కకి, మంచి ఆడకుక్కకి ఛాలెంజ్ సర్టిఫికెట్లు ఇస్తారు. అవి కూడితే పేరు ముందు చాంపియన్ అని చేరుతుంది. నా కలలో బ్రూనో పేరు ముందు ఆ మాట చేరిపోయి చాలా నెలలైంది.

పదహారో నెలలో ఒకరోజు సైకిల్ పక్కన వస్తూ వస్తూ వాడు ట్రాట్ వదిలేసి కుందేలులా వెనక కాళ్లు రెండూ కలిపి దూకాడు. ఆటనుకున్నా. మర్నాడు మళ్లీ అదే. మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. మెట్ల దగ్గర ఆగి నా వంక చూశాడు. ఆ చూపు లివర్ కోసం కాదని అర్థమైంది.

మత్తిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్లు నిటారుగా లాగి పట్టి ఎక్స్‌రే తీశారు. డాక్టరుగారు ఫిల్మ్ లైటుకి పెట్టి చూపించారు. తుంటి కీలు అంటే రోట్లో రోకలి లాంటిది. రోకలి తల రోట్లో నిండుగా కూర్చోవాలి. మా వాడికి రోలు లోతు లేదు. రోకలి సగం బయటే ఉంది. హిప్ డిస్ప్లేసియా. ఎ నుంచి ఇ దాకా అయిదు గ్రేడ్లుంటే బ్రూనోకి కుడి వైపు సి, ఎడమ వైపు డి.

"రింగులో తెలుస్తుందా సార్?" అని అడిగా. నేను అడిగిన మొదటి ప్రశ్న అదే. వాడికి నొప్పిగా ఉందా అని కాదు. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ జరిగింది అదే.

"ఇప్పుడు కండ బాగుంది, మందు వేసి విశ్రాంతి ఇస్తే రెండు రౌండ్లు బాగానే తిరుగుతాడు. చూసేవాళ్లకి తెలియకపోవచ్చు" అన్నారాయన. తర్వాత ఇంకో మాట కూడా అన్నారు. "పిల్లలకి మాత్రం ఇది వెళ్తుంది."

అదీ అసలు సంగతి. జడ్జి చేతికి, కంటికి అందేది తోలు, బొచ్చు, పన్ను, నడక. తోలు లోపల ఏముందో ఆయన చూడలేడు. నేను వెళ్లిన షోల్లో లాబ్రడార్‌ని లోపలికి పంపేముందు ఎక్స్‌రే ఏదని ఎవరూ అడగలేదు. పైకి కనబడేదాన్నే తరతరాలుగా ఎంచుకుంటూ పోతే కనబడనిది కూడా దాని వెంటే వస్తుంది. తమిళనాడులో తెలుగు మాట్లాడే రాజుల ఊరు రాజపాళయం ఉంది కదా, ఆ ఊరి పేరుతోనే ఒక వేటకుక్క జాతి ఉంది. 2005లో పోస్టల్ శాఖ స్టాంపు కూడా వేసింది. పాలలాంటి తెలుపు, గులాబీ ముక్కు ఉంటేనే గొప్ప అని ఎంచుకుంటూ వచ్చారు. ఆ తెలుపుతో పాటు చెవుడూ వచ్చింది. ఇంగ్లండ్‌లో 2008లో బీబీసీ ఇలాంటి జబ్బుల మీద ఒక డాక్యుమెంటరీ వేస్తే పెద్ద గొడవైంది. దేశమంతా చూసే క్రఫ్ట్స్ షోని మరుసటి ఏడాది అదే బీబీసీ ప్రసారం చేయడం మానేసింది.

తప్పంతా రక్తానిదే అని కూడా చెప్పలేను. మా ఇంట్లో గ్రానైట్ గచ్చు, అద్దంలా జారుతుంది. పైగా షో లాబ్రడార్ నిండుగా కనబడాలని నేను వాడికి తిండి ఎక్కువే పెట్టాను. లాబ్రడార్ ఎప్పుడూ ఆకలిగా ఎందుకుంటుందో 2016లో కేంబ్రిడ్జ్ వాళ్లు కనిపెట్టారు. దాదాపు నాలుగో వంతు లాబ్రడార్లలో కడుపు నిండిందని చెప్పే ఒక జన్యువు చెడిపోయి ఉంటుందట. 2002లో అచ్చయిన ఇంకో అధ్యయనం ఉంది. 48 లాబ్రడార్లని జతలుగా విడదీసి, ప్రతి జతలో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ తిండి పెట్టి జీవితాంతం చూశారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటి కీళ్లు కూడా ఆలస్యంగా అరిగాయి. ఇది నేను చదివింది ఎక్స్‌రే తర్వాత. చాచా బిస్కెట్‌కి అడ్డం పడ్డ నేను ఇంట్లో గిన్నెడు ఎక్కువ వడ్డించాను.

సరిగ్గా ఆ వారమే ఫోన్ వచ్చింది. ఊరి చివర కెన్నెల్ నడిపే ఒకాయన, షోలో బ్రూనోని చూశాడు. "తమ్మీ, మా ఆడకుక్క సీజన్‌కి వస్తోంది. మీవాణ్ణి పంపు. పైసలు కావాలంటే పైసలు, పిల్ల కావాలంటే ఫస్ట్ చాయిస్ నీదే." ఆయన చెప్పిన అంకె నా రెండు నెలల జీతం. ఎక్స్‌రే ఫిల్మ్ బీరువా మీద ఉంది. అది చూసినవాళ్లం నేను, అమ్మ, డాక్టరు. బ్రూనో ఎవరికీ చెప్పడు.

రెండు రోజులు ఏం చెప్పలేదు. హ్యాండ్లర్ భాయ్‌ని కలిసి ఫిల్మ్ చూపించా. చాలాసేపు చూశాడు. "ఇసొంటివి ఎన్నో తిప్పిన రింగుల. తెల్వక తిప్పిన కొన్ని, తెల్సి తిప్పిన కొన్ని" అన్నాడు. ఏం చెయ్యమంటావని అడిగితే, "నన్నడగకు" అని చాయ్ తాగి వెళ్లిపోయాడు.

పెరట్లో పిల్లలున్నాయని స్టేటస్ పెట్టగానే డబ్బు పంపే తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఒక ముక్క ఇక్కడే చెప్పేస్తా. 'పేపర్స్ ఉన్నాయి' అంటే అది వంశవృక్షం మాత్రమే. తండ్రి, తాత, ముత్తాత ఎవరో చెబుతుంది, వాళ్ల తుంటి ఎలా ఉందో చెప్పదు. బ్రూనో పేపర్లో చాంపియన్లు ఉన్నారు. వాళ్ల ఎక్స్‌రేలు చూపించమని కొనేటప్పుడు నాకు తోచలేదు. మీకు తోచాలి. తల్లిదండ్రులిద్దరివీ అడగండి. "మా లైన్‌లో ఆ ప్రాబ్లమ్ లేదు" అని నోటిమాట చెబితే కాగితం అడగండి. 2017 కేంద్ర రూల్స్ ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అయ్యుండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. అడిగినందుకు కోప్పడే మనిషి దగ్గర కొనకండి, అంతే.

మూడో రోజు రాత్రి ఎక్స్‌రేని ఫోన్‌తో ఫొటో తీసి ఆ కెన్నెల్ ఆయనకి వాట్సాప్ చేశా. కింద ఒక్క ముక్క రాశా: "అన్నా, ఎడమ వైపు డి గ్రేడ్. పంపలేను." నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. నాకు పిల్లని అమ్మినాయనకీ పంపాను, ఆయన నన్ను బ్లాక్ చేశాడు.

షో పట్టా మేకుకి వేలాడుతోంది. బ్రూనో నాలుగు కిలోలు తగ్గాడు. గచ్చు మీద పాత జంపఖానాలు పరిచాం, చూడ్డానికి పెళ్లిపందిరిలా ఉంది ఇల్లు. వచ్చే నెల అదే సందులో గ్రౌండ్ ఫ్లోర్‌కి మారుతున్నాం, అద్దె రెండు వేలు ఎక్కువ. ఆదివారాలు ఇప్పటికీ అబిడ్స్ తీసుకెళ్తా. స్టాక్ అలవాటు పోలేదు వాడికి. ఎవరైనా కళ్లజోడు ఆయన ఎదురొస్తే చాలు, నాలుగు కాళ్లూ సర్దుకుని మెడ ఎత్తి నిలబడతాడు, పళ్లు చూస్తారేమోనని.

మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ మోగింది. ఆ కెన్నెల్ ఆయనే. కుశలప్రశ్నలేం లేవు.

"తమ్మీ, ఆ ఎక్స్‌రే యాడ తీయించినవ్? మత్తిస్తే కుక్కకేం కాదు కదా? నాయి రెండున్నయి, తోలుకొస్త."