బ్యాటరీ సంగతి తర్వాత, ముందు ఫ్రేము తిన్నగా ఉండాలి



చిన్న సైకిల్ తయారీదారులు కొత్త టెక్నాలజీ అందుకోవాలా, పాత పద్ధతిలోనే సాగాలా అన్న చర్చ ఎప్పుడు మొదలైనా బ్యాటరీ దగ్గరికో కార్బన్ ఫ్రేము దగ్గరికో పోయి ఆగుతుంది. హైదరాబాద్‌లో మల్కాజ్‌గిరి, తార్నాక, ఉస్మానియా క్యాంపస్ చుట్టుపక్కల ఈ పని మీద బతికేవాళ్లకు ఆ చర్చతో పెద్దగా పనిలేదు. ఇక్కడ చిన్న తయారీదారు అంటే లూధియానా నుంచి విడిభాగాలుగా వచ్చిన సైకిల్‌ని బిగించి ఇచ్చే మిస్త్రీ. లేదా పైపు కోసి, వెల్డింగ్ పెట్టి ట్రాలీ రిక్షాలు, ఐస్‌క్రీమ్ బండ్లు, దివ్యాంగుల మూడు చక్రాల బండ్లు కట్టే షెడ్డు. ఒకప్పుడు గంటకింత అని సైకిళ్లు అద్దెకిచ్చిన సైకిల్ ట్యాక్సీలు కనుమరుగయ్యాక మిగిలినవి ఇవే. వీళ్లు టెక్నాలజీ తీసుకోవాల్సిందేనని నా వాదన. అయితే అది ముందు రావలసింది పనిముట్లలోకి. అమ్మే బండిలోకి ఆ తర్వాత.

ట్రాలీ రిక్షానే తీసుకోండి. వెనక ఇరుసు ఫ్రేముకి మూలమట్టానికి కూర్చోవాలి. షెడ్డులో దాన్ని ఇటుకల మీద ఎత్తిపెట్టి, దారం పట్టి, కంటితో సరిచూసి టాకా వేస్తారు. వెల్డింగ్ వేడికి ఇనుము లాగుతుంది. చల్లారేసరికి ఇరుసు ఒక పక్కకి కొద్దిగా తిరిగి ఉంటుంది. ఆ కాస్త వంకరకే చక్రం దొర్లుతూనే పక్కకి ఈడ్చుకుంటుంది, టైరు ఒక అంచున అరిగిపోతుంది, ఆ ఈడ్పు భారమంతా తొక్కేవాడి మోకాళ్ల మీద పడుతుంది. దీనికి కంప్యూటర్‌తో నడిచే యంత్రమేమీ అక్కర్లేదు. మందపాటి యాంగిల్ ఇనుముతో ఒక్కసారి కొలిచి కట్టుకున్న జిగ్ చాలు. పైపులు అందులో బిగించి వెల్డింగ్ చేస్తే పదో బండీ వందో బండీ ఒకేలా వస్తాయి. చక్రం సంగతీ అంతే. పాత నల్ల సైకిల్‌కి ముందు 32, వెనక 40 పుల్లలు. బండిని తలకిందులు చేసి, రిమ్ముకి సుద్దముక్క ఆనించి ఔట్ (వంకర) తీసే మిస్త్రీ నేర్పును నేను తక్కువ చేయను. కానీ పుల్ల బిగువు ఆయన వేళ్లకు తెలిసినట్టు కొత్తగా చేరిన కుర్రాడికి తెలియదు. బిగువు కొలిచే చిన్న మీటరు ఉంటే వాడికీ తెలుస్తుంది. ఈ పనికి కుర్రాళ్లు దొరకడం లేదని వాపోయేవాళ్లు ఈ మాట ఆలోచించాలి.

యంత్రం వస్తే చేతిపని పోతుందన్నది మొదటి అభ్యంతరం. ఆలేరు దగ్గరి శారాజీపేట చింతకింది మల్లేశం ఉదాహరణ మన కళ్ల ముందే ఉంది. చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పాలంటే, వేల సార్లు చెయ్యి ఆడించాలి. ఆయన తల్లి భుజం నొప్పి అక్కడిదే. 1999లో ఆయన తయారుచేసిన యంత్రం ఆ ఒక్క పనినే తన మీద వేసుకుంది. మగ్గం జోలికి పోలేదు, డిజైను జోలికి పోలేదు. 2017లో వచ్చిన పద్మశ్రీ కంటే ఆ ఎంపికే నాకు గొప్పగా కనిపిస్తుంది. జపాన్‌లో 1948 నుంచి సాగుతున్న కెరిన్ సైకిల్ పందేలదీ అదే పాఠం. అందులో మగవాళ్లు తొక్కే స్టీలు ఫ్రేములను చిన్న వర్క్‌షాపుల్లో చేత్తోనే కడతారు. కానీ అవి నిర్దేశించిన కొలతకు, పరీక్షకు నిలవాలి. అక్కడ కొలత వచ్చినందుకు చేతిపని చచ్చిపోలేదు. మన దగ్గరా ఆగ్రా, ఢిల్లీల్లో ఐటీడీపీ అనే సంస్థ తేలికైన రిక్షాను రూపొందించినప్పుడు దాన్ని కట్టింది స్థానిక షెడ్లే.

రెండో అభ్యంతరం కొంచెం బలమైనది. కొనేవాడు డిస్క్ బ్రేకు, బ్యాటరీ అడుగుతున్నాడు, నువ్వు జిగ్, మీటరు అంటావేమిటని అడగవచ్చు. గిరాకీని నేను కాదనను. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్లు దాటని వేగం ఉంటే చట్టం దాన్ని మోటారు వాహనంగా చూడదు కాబట్టి లైసెన్సు, రిజిస్ట్రేషన్ బెడద లేదు. చిన్న షెడ్డుకి అది మంచి అవకాశమే. కానీ ముందు చక్రంలో మోటారు పెట్టినప్పుడు దాని తిప్పుడు బలమంతా ఇరుసు ద్వారా ఫోర్కు చివర్ల మీద పడుతుంది. చివర్లు పల్చగా ఉండి, ఇరుసు తిరగకుండా ఆపే పట్టీ బిగించకపోతే ఇరుసు జారి చక్రం ఊడే ప్రమాదం ఉంది. తిన్నగా లేని ఫ్రేముకి వేగం జోడించడం అంటే కొన్నవాడిని ఆసుపత్రికి పంపడమే. పైగా కొత్తదంతా మేలైనదనీ కాదు. గోళీలు పోసి గ్రీజు పెట్టే పాత బేరింగును ఏ ఊళ్లోనైనా విప్పి ఓవర్‌హాలింగ్ చేయవచ్చు, దాన్ని వదులుకోనక్కర్లేదు. పెద్ద యంత్రాలే రక్షిస్తాయనుకుంటే, 1951లో సోనీపత్‌లో పుట్టిన అట్లాస్ సైకిల్ కంపెనీ ఏమైంది? 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, దాని సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది.

డబ్బెవరిస్తారన్నదే అసలు చిక్కు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులకు 15 వేల రూపాయల వరకు పనిముట్ల సాయం, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల వరకు అప్పు ఇస్తోంది. అందులో కమ్మరి ఉన్నాడు, తాళాలు చేసేవాడు ఉన్నాడు, సైకిల్ మిస్త్రీ లేడు. కమ్మరిగా నమోదు చేసుకోమనే సలహా చెప్పడానికి బాగుంటుంది. కమ్మరి పనిముట్లతో రిమ్ము ఔట్ తీయలేం. ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌర ఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేయగలిగిన ప్రభుత్వాలకు ఈ ఒక్క పేరు చేర్చడం భారం కాదు. ఇక సంస్థలకు కొదవేమీ లేదు. 1929లో మొదలైన ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాల ఈ షెడ్లకు పొరుగునే ఉంది. పనిముట్ల డిజైను కోసమే 1968లో పెట్టిన సీఐటీడీ బాలానగర్‌లో ఉంది. నమూనాలు తయారుచేసే టీ-వర్క్స్ రాయదుర్గంలో ఉంది. తార్నాకలో మెట్రో ఎక్కితే బండి మారకుండా అక్కడ దిగవచ్చు. మిస్త్రీకి అడ్డుపడేది దూరం కాదు, లోపలికి వెళ్లి ఎవరిని అడగాలో తెలియకపోవడం. కాబట్టి కళాశాలే బయటికి రావాలి. మెకానికల్ విద్యార్థుల చివరి ఏడాది ప్రాజెక్టుల్లో ఏటా ఒక్కటి ట్రాలీ రిక్షా జిగ్‌కు కేటాయించి, దాన్ని షెడ్డులోనే కట్టించి, అక్కడే పరీక్షించమనండి. మార్కులు వేసేటప్పుడు మిస్త్రీ మాటా వినమనండి. రిపోర్టు ఇంగ్లీషులోనే రాసుకోనివ్వండి. డ్రాయింగు మాత్రం తెలుగులో, కొలతలు మిల్లీమీటర్లలో, గోడకి అతికించుకునేలా ఒక్క కాగితం మీద ఇప్పించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, మల్కాజ్‌గిరి